లోపల మడత పెట్టొద్దు

మా వైపు ఆడపిల్లకు బట్టలు కుట్టేటప్పుడు లోపల మడత పెట్టకపోతే ఆ కుట్టేవాళ్లకు మళ్లీ గిరాకీ రాదు. పావడ అంచుకు పైన లోపలివైపు రెండు మూడు మడతలు, జాకెట్టు పక్కల్లో వేలెడు గుడ్డ, భుజాల దగ్గర ఇంకాస్త. "పెరిగే బిడ్డ గదక్కా, లోపల బాగా పెట్టి కుట్టు" అనని తల్లి నాకు ఇంతవరకు తగల్లేదు. ఏడాది తిరిగేసరికి ఆ తల్లే ఆ పావడ పట్టుకుని వస్తుంది. నేను బ్లేడుతో ఒక మడత కుట్లు విప్పుతాను. లోపల దాగిన గుడ్డకు ఎండా ఉతుకుడూ తగలవు కాబట్టి అది కొత్త రంగులోనే ఉంటుంది, వెలిసిన పావడకు అడుగున కొత్త పట్టీ వేసినట్టు కనబడుతుంది. పలమనేరులో మా అమ్మావాళ్లింట్లో నేను పెరిగిన రోజుల్లో ఆ పట్టీని చూసి ఎవరమూ సిగ్గుపడలేదు. పైగా దాన్ని అందరికీ చూపించి, ఈ ఏడు ఇంత పెరిగినానని చెప్పుకుని తిరిగేవాళ్లం.

ఇప్పుడు తిరుపతిలో మా ఇంటి ముందుగదే నా షాపు. ఎక్కువగా పిల్లల బట్టలే కుడతాను. పెద్దవాళ్ల జాకెట్లలో వచ్చే తగాదాలు పడే ఓపిక నాకు లేదు, నా నోరు కూడా అంత మంచిది కాదు. మా ఆయన సూళ్లూరుపేట అవతల ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల పని చేస్తూ సెలవు దొరికినప్పుడు ఇంటికి వస్తాడు. ఇంట్లో ఉండేది నేను, మా అత్త, మా పాప. మాకు ఒక్కతే బిడ్డ. తొమ్మిదేళ్లకు అది అన్నం తినడం మానుకుంటూ వచ్చింది. నేను ఆపలేకపోయాను, ఇప్పటికీ ఆపలేకపోతున్నాను. ఈ రాసేదంతా దాని గురించే.

కార్టూన్ సినిమాలే కదా అనుకున్నాను మొదట్లో. తెలుగు మాటలు పెట్టి టీవీలో వేసేవాళ్లు, ఫోన్‌లో వచ్చేవి. నరుక్కోవడాలు లేవు, రక్తం లేదు, పాటలున్నాయి. పాప కదలకుండా కూర్చుంటుంది, నా మిషను సాగుతుంది. ఏ తల్లికి చేదు? పెద్దవాళ్ల సినిమా అయితే ఇది చూడొద్దు, కళ్లు మూసుకో అని ఉండేదాన్ని. బొమ్మల సినిమాకు తలుపులు బార్లా తెరిచి పెట్టాను.

ఆ వేసవి సెలవుల్లో అలాంటి సినిమా ఒకటి పెద్ద హాల్లోకి వచ్చింది. మా ఆయన సెలవు పెట్టుకుని వచ్చి అందరినీ తీసుకుపోయాడు. వెండిరంగు గౌను వేసుకున్న రాకుమారి కథ. పిల్ల ధైర్యం గలదే. ఒంటరిగా కొండలెక్కింది, రాజ్యాన్ని కాపాడింది, నువ్వు నువ్వుగా ఉంటే చాలునని చివర్లో అందరికీ నీతి కూడా చెప్పింది. బయటికి రాగానే ఆ పిల్లలా తయారు కావడానికి కావలసినవన్నీ బల్లల మీద పరిచి అమ్ముతున్నారు. కిరీటాలు, మంత్రదండాలు, జడకు తగిలించే వెండి వెంట్రుకలు. నువ్వు నువ్వుగా ఉండటానికి ఇన్ని కొనాలా అని నేను నవ్వాను. మా ఆయన కిరీటం కొనిపెట్టాడు.

సినిమా నడుస్తున్నంతసేపూ నా చూపంతా ఆ పిల్ల నడుం మీదే. కొలతలు తీసే కంటికి అది అలవాటు. మెడ ఎంతో నడుమూ అంతే. కంటి గుడ్డు మణికట్టు కన్నా పెద్దది. మా అత్త అయితే హాల్లోనే గట్టిగా అనేసింది, "ఈ పిల్లకు తిన్న అన్నం యాడ పడతాది మే? పేగులు ఇంట్లో పెట్టొచ్చిండాదా ఏంది?" అని. ముందు వరుసలోవాళ్లు కూడా నవ్వారు. పాప మాత్రం నవ్వలేదు. తెర మీదినుంచి కళ్లు తిప్పకుండా తన టీషర్టు కిందుగా చెయ్యి పెట్టి పొట్ట తడుముకుంటోంది. చలేమో అనుకుని చున్నీ కప్పాను.

ఆ తర్వాత ఆ పిల్ల లేని చోటు లేదు. నీళ్ల సీసా మీద అదే, స్కూలు బ్యాగు మీద అదే, చెప్పుల మీద, పళ్ల బ్రష్షు మీద, బొట్టు బిళ్లల అట్ట మీద, బిస్కెట్ పొట్లం మీద అదే. కొళాయి తిప్పితే నీళ్లకు బదులు ఆ పిల్లే జారి పడుతుందేమో అన్నంతగా విసుగు పుట్టింది. అలాగని నా చేతులూ ఊరికే లేవు. ఆ సెలవుల్లో నా షాపంతా వెండిరంగు నెట్టూ శాటినూ. తల్లులు ఫోన్‌లో బొమ్మ చూపించి, "అచ్చం ఇట్లే ఉండల్లక్కా, నడుం కాడ గట్టిగా పట్టల్ల" అనేవాళ్లు. లోపల మడత పెట్టేదా అంటే, "ఒక్క పుట్టినరోజుకే గదక్కా, ఏంటికి?" అనేవాళ్లు. సరేనని కుట్టాను. గౌను వేసుకున్న పిల్లలు చేతులు కిందికి దించలేక కొయ్యబొమ్మల్లా నిలబడేవాళ్లు. ఫొటోలు మాత్రం బాగా వచ్చేవి.

మా పాప పుట్టినరోజు కూడా దగ్గరికొచ్చింది. నేను కుడతానంటే వినలేదు.

"షాపుదే కావల్ల. నువ్వు కుట్టింది అసలుది కాదు గదమ్మా" అంది.

ఆ మాటకు ఒళ్లు మండింది. అయినా పుట్టినరోజు పిల్లతో ఏం తగువులే అని బజారులోని ఒక రెడీమేడ్ షాపుకు తీసుకుపోయాను. గౌను ఉంది. మెడ దగ్గర చీటీ మీద ఎనిమిది, తొమ్మిదేళ్లు అని అచ్చు వేసి ఉంది. తొడిగితే వీపున జిప్పు సగంలో ఆగిపోయింది. నేను గుడ్డ దగ్గరికి లాగి పట్టుకున్నాను, షాపు అమ్మాయి జిప్పు లాగింది, పాప ఊ అనకుండా నిలబడింది. జిప్పు కదల్లేదు. "పాప కొంచెం హెల్దీ గదా మేడమ్, పదకొండు పన్నెండేళ్లది తీసుకోండి" అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

పాప చీటీని వేళ్లతో తిప్పి చదువుకుంది. "నాకు తొమ్మిదే గదమ్మా" అంది.

అక్కడే, ఆ షాపులోనే గౌను విప్పించి లోపలివైపు తిప్పి చూపించాను. పక్క కుట్ల దగ్గర నూలుపోగంత గుడ్డ వదల్లేదు. బొమ్మను చూసి కత్తిరించారు, పిల్లను చూసి కాదు. "సూడు, ఇది గౌను తప్పు. నీ తప్పు కాదు. తొమ్మిదేళ్ల బిడ్డ ఎట్లుంటాదో దీన్ని కోసినోడికి తెలీదు" అని గట్టిగానే చెప్పాను. షాపు అమ్మాయికి కూడా రెండు మాటలు తగిలించాను. జనం తిరిగి చూశారు. పాప నా కొంగు పట్టుకుని, "పోదాం పా మా" అంది మెల్లగా. దాని కళ్లు ఇంకా ఆ చీటీ మీదే ఉన్నాయి. పాతికేళ్లుగా గుడ్డ కోస్తున్న తల్లి మాట కన్నా ఆ అచ్చు చీటీ మాటే దానికి నిజమైంది.

అదయ్యాక తిండి తగ్గడం మొదలైంది. దోసె పెడితే చెనక్కాయల చట్నీ నంజుకుని ఇంకొకటి అడిగే పిల్ల, అంచులు తుంచి పళ్లెంలో అటూ ఇటూ జరిపేది. సంగటి ముద్ద చూస్తే కడుపునొప్పి అనేది. ఒకరోజు తలకు పోస్తుంటే, "మా, ఈ పొట్ట ఎప్పుడు పోతాది?" అని అడిగింది. పొట్ట అంటే ఏముంది, పిల్లలకు ఉండేదే. "పోయేదేంది, అన్నం తింటే ఉండాది, ఉండల్ల" అని నెత్తిన ఇంకో చెంబు పోశాను.

"ఏం మే, బిడ్డ మొగం పీక్కపోయిండాది" అని మా అత్త రోజూ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసేది. మా ఆయన ఫోన్‌లో సంగతి విని, ఈసారి వచ్చేటప్పుడు ఆ రాకుమారి బొమ్మ ఉన్న టిఫిన్ డబ్బా కొనుక్కొచ్చాడు. ఆ బొమ్మ ఉంటే ఇష్టంగా తింటుందని ఆయన ఆశ. అన్నం మానిపించిన బొమ్మే అన్నం తినిపిస్తుందని నమ్మాడు పాపం. డబ్బా పాపకు నచ్చింది. రోజూ ఖాళీ చేసి కడిగి తెచ్చేది. మేము సంబరపడ్డాం. చివరికి తెలిసిందేమంటే, ఆ డబ్బాలో అన్నమంతా స్కూల్లో పక్కపిల్లలకు పెట్టేసి, బొమ్మ ముందు పెట్టుకుని కూర్చునేదట. వాళ్ల టీచరు పిలిచి చెప్పేదాకా నాకు తెలియదు. నా బిడ్డ ఆకలితో బల్ల ముందు కూర్చుంటే నేనిక్కడ ఊరివాళ్ల పిల్లలకు కుచ్చులు కుడుతున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం చుట్టాలింట్లో శుభకార్యానికని పాప పట్టుపావడ బీరువాలోంచి తీశాను. పోయినేడు కుట్టింది, ఒక మడత విప్పాలి. తిరగేసి చూస్తే మడతలు లేవు. కుట్టు పక్కనుంచి కత్తెర పెట్టి లోపలి గుడ్డంతా కోసేసి ఉంది, పోగులు ఊడి వేలాడుతున్నాయి. జాకెట్టు చూశాను. పక్కల్లో వదిలిన గుడ్డ లేదు. స్కూలు గౌను తీశాను, పండగ లంగా తీశాను, రాత్రి వేసుకునే నూలు చొక్కా తీశాను. ఒక్కదానికీ లోపల ఏమీ మిగల్లేదు. మిషను కింద ముక్కల సంచిలో చెయ్యి పెడితే సన్నటి పేలికలు గుప్పెట నిండా వచ్చాయి. ఒక్కటీ వెలిసిపోలేదు, అన్నీ కొత్త రంగులు. వాటిని ఒళ్లో పోసుకుని అక్కడే కూర్చున్నాను.

పాప స్కూలునుంచి రాగానే అడిగాను. అది దాచలేదు.

"నువ్వు లోపల గుడ్డ పెడతా ఉండావు గదమ్మా. అది ఉంటే ఒళ్లు పెరిగి దాంట్లోకి వచ్చేస్తాది. లేకపోతే పెరగదు."

"ఎవరు చెప్పినారే నీకు?"

"ఎవరూ చెప్పలా. నువ్వే అంటావు గదా, పెరిగే బిడ్డ, లోపల పెట్టల్ల అని. ఇంక పెట్టొద్దు మా. నేను పెరగను."

అది మొండికేసి చెప్పలేదు, ఏడుస్తూనూ చెప్పలేదు. లెక్కల పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే రెండు కేకలు వేసి ఊరుకునేదాన్ని. భయం వేసింది. ఆ భయం ఈరోజుకూ నన్ను వదల్లేదు.

డాక్టరు బరువు తూచి ముఖం చిట్లించాడు. రక్తం తక్కువగా ఉందని టానిక్ రాశాడు, మందులతో పోయేది కాదు, పిల్లల మనసు చూసే డాక్టరుకు చూపించండి, వేలూరులో ఉంటారు అన్నాడు. ఆ మాట ఫోన్‌లో చెబితే మా ఆయన, "నా కూతురికేం పిచ్చా? రెండు నెలలు పోతే అదే సర్దుకుంటాది" అని పెట్టేశాడు. మా అత్త మాత్రం దానికి తనకు తెలిసిన దారి వెతికింది. కాణిపాకం పోదాం అంది.

కాణిపాకం వినాయకుడి ముందు ఒట్టు వేస్తే మా జిల్లాలో ఇంక దానికి తిరుగు లేదు. తాగుబోతులు తాగుడు మానేస్తామని ప్రమాణం చేసేది అక్కడే. ఇద్దరి మధ్య మాట తేడా వస్తే, దమ్ముంటే కాణిపాకంలో చెప్పు అంటారు. అక్కడ అబద్ధం ఆడితే స్వామి ఊరుకోడని చిన్న పిల్లలకు కూడా తెలుసు. మా అత్త లెక్క ఏమంటే, తాగుబోతు చేత మానేస్తానని ఒట్టు పెట్టించినట్టే, ఈ పిల్ల చేత తింటానని ఒట్టు పెట్టించాలి. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. నాకు అప్పుడు నవ్వు రాలేదు, అంతకన్నా మంచి ఆలోచన నా దగ్గర లేదు.

తెల్లవారే బస్సెక్కి చిత్తూరులో మారి కాణిపాకంలో దిగాం. గుడి దారంతా బొమ్మల అంగళ్లు. అరటిపళ్ల బండి పక్కనే, గరికపోచల బుట్ట పక్కనే ఆ వెండి గౌను పిల్ల ప్లాస్టిక్ సంచుల్లో వేలాడుతోంది. పాప ఒక్కసారి చూసి తల తిప్పుకుంది, కొనమని అడగలేదు. వరుసలో నిలబడి లోపలికి పోయాం. స్వామి ఎదురుగా రాగానే మా అత్త పాపను ముందుకు జరిపింది.

"సెప్పు నా తల్లీ. రేపటినుంచి కడుపునిండా తింటానని స్వామికి సెప్పు. అంతే, ఇంకేం లేదు."

పాప చేతులు జోడించింది. కళ్లు మూసుకుంది. పెదవులు కదలలేదు.

"సెప్పు తల్లీ, ఎనకాల జనం ఉండారు."

వెనకనుంచి తోస్తున్నారు. నడవండమ్మా నడవండి అని ఎవరో అరుస్తున్నారు. మా అత్త దాని గడ్డం పట్టుకుంది. అప్పుడు పాప కళ్లు తెరిచింది, నీళ్లు బుగ్గల మీదికి కారుతున్నాయి.

"చెప్పలేను అవ్వా. ఈడ అబద్ధం చెప్పకూడదు గదా."

మా అత్త చెయ్యి జారిపోయింది. జనం మమ్మల్ని పక్కకు తోసేశారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఆమె ఏడ్చిన ఏడుపు నేను మామ పోయినప్పుడు కూడా చూడలేదు. నేను ఏడవలేదు. అప్పటిదాకా ఇది పిల్లచేష్ట అని, ఇంకో సినిమా వస్తే దీన్ని మరిచిపోతుందని ఎక్కడో చిన్న ఆశ ఉండేది. ఇంట్లో తిన్నానని ఎన్ని అబద్ధాలైనా చెప్పిన పిల్ల, స్వామి ముందు మాత్రం తింటానని చెప్పలేకపోయింది. దానికి తన మనసు తనకు తెలుసు. నాకే తెలియదు. తిరుగు బస్సులో అది వాళ్లవ్వ ఒళ్లో నిద్రపోయింది. "ఒళ్లో బిడ్డ ఉన్నట్టే లేదు మే" అంది అత్త, చిత్తూరు దాటాక.

ఆ సంగతి విన్నాక మా ఆయన సెలవు పెట్టి వచ్చి వేలూరు తీసుకుపోయాడు. ఇప్పుడు నెలనెలా పోతున్నాం. డాక్టరమ్మ మంచిది, ఓపికగా మాట్లాడుతుంది. కొన్నిరోజులు పాప తింటుంది. ఆ రోజుల్లో ఇల్లంతా గుసగుసగా నడుస్తాం, గట్టిగా మాట్లాడితే ఎక్కడ ఆపేస్తుందోనని. కొన్నిరోజులు మళ్లీ పళ్లెం జరిపేస్తుంది. డాక్టరమ్మ గది బయట ఇంకా ఎందరో తల్లులు, పక్కన ఎందరో ఆడపిల్లలు. వాళ్లలో ఒకమ్మాయి చేతిలో కూడా ఆ రాకుమారి బొమ్మ నీళ్ల సీసాయే.

ఆ సినిమా పోయింది. ఇంకొకటి వచ్చింది. జుట్టు రంగు మార్చారు, గౌను రంగు మార్చారు, నడుం మాత్రం అదే. ఆ గౌన్లు కుట్టడం నేను మానేశాను. కుట్టనన్నందుకు తల్లులు నన్ను వింతగా చూసి పక్క వీధిలో కుట్టించుకున్నారు. నేను మానేస్తే ఏమైంది? ఏమీ కాలేదు. ఒక మిషను ఆగింది, అంతే.

మొన్న ఒకామె తన చిన్న కూతురికి పట్టుపావడ కుట్టించాలని వచ్చింది. ఇంకా బడికి పోని పిల్ల, బూరెబుగ్గలు, ఒకచోట నిలబడదు. పట్టుపావడ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది, కూర్చోమన్నాను. "పెరిగే బిడ్డ గదక్కా, లోపల పెట్టి కుట్టు" అని ఆమె ఫోన్‌లో పడిపోయింది. పొయ్యి మీద కుక్కరు కూత పెడితే నేను లోపలికి పోయాను. మా పాప స్కూలునుంచి వచ్చి ముందుగదిలోనే ఉంది. చిన్నపిల్లలంటే దానికి ఇష్టం. ఆ పిల్లతో అది నవ్వుతూ మాట్లాడటం వంటింట్లోకి వినబడుతోంది. దాని నవ్వు విని చాలా రోజులైంది, కాసేపు పొయ్యి దగ్గరే నిలబడి విన్నాను.

టేపు మెడలో వేసుకుని బయటికి వచ్చేసరికి ఆ చిన్నపిల్ల కదలకుండా నిలబడి ఉంది. చేతులు రెండూ పైకెత్తింది. పొట్ట లోపలికి పీల్చుకుని, ఊపిరి బిగబట్టి, ముఖం ఎర్రగా చేసుకుంది. మా పాప ఎదురుగా గొంతుకూర్చుని, ఆ పిల్ల పొట్ట మీద వేలు ఆనించి మెల్లగా చెబుతోంది.

"ఇంకొంచెం లోపలికి. అంతే, బాగా వచ్చింది. అమ్మ టేపు తీసేదాకా వదలొద్దు, సరేనా?"

వంగి ఆ పిల్ల వీపు నిమిరాను. "ఊపిరి వదులు తల్లీ" అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూడలేదు. వదలొచ్చా అన్నట్టు మా పాప ముఖంలోకి చూసింది.